క్షణభంగుర శబ్దార్థము

అల్పకాలముండి నశించువానిని జెప్పునపుడు మనవారు క్షణికము, నశ్వరము, క్షణభంగురము అను మూఁడు పదములను భేదము లేక వాడుచున్నారు. పాఠశాలలలో మూఁటికిని ‘అశాశ్వత’ మనియే యర్థము వ్రాయింతురు. అది తప్పు గాదు, చాలదు. ఒక పాఠ్యవ్యాఖ్యయందు క్షణభంగురమునకు ‘క్షణములో భంగము చేయఁబడునది’ యని వివరణము చూచితిని. ఇది మాత్రము తప్పే.

భంగుర శబ్దము భంజ ధాతుజన్యము. భంజ, భాస, మిద ధాతువులకుఁ బాణిని (3-2-161) ఘురచ్ ప్రత్యయమును విధించెను. భంగురము, భాసురము, మేదురము అనునవి యిట్లేర్పడినవి. ప్రత్యయమందలి ఘకార మిత్తగుటచేతనే భంజలోని జకారము గకారమైనది. ముఖ్యమైన సంగతి యేమనఁగా, నీ సూత్రము తాచ్ఛీల్యప్రకరణమున నున్నది. కావున భంగురమనఁగా నొకరిచే విఱువఁబడినది గాదు. విఱుగుటయే స్వభావముగాఁ గలది. కఱ్ఱదెబ్బకుఁ బగిలిన కుండ భగ్నము. తనంతఁ జిట్లు నీటిబుగ్గ భంగురము. నశ్వరమును (3-2-163) ఇట్టిదే.

ఇఁక క్షణమెంత? అమరసింహుని లెక్కకు 18 నిమేషములు కాష్ఠ, 30 కాష్ఠలు కళ, 30 కళలు క్షణము, 12 క్షణములు ముహూర్తము, 30 ముహూర్తము లహోరాత్రము. గుణించి చూడఁగా క్షణము మన గడియారమున సరిగా 4 నిమిషములు! నీటిబుగ్గ యంతసేపు నిలుచునా? నేఁటి తెలుఁగున నిమిషమే పెద్దది, క్షణమే చిన్నది. అమరము వల్లించిన బాలుఁడు దీనిని గూర్చి యడిగినచో నుపాధ్యాయుఁడు కసరుకొనరాదు.

వసుబంధుని అభిధర్మకోశమున లెక్క వేఱు. 120 క్షణములు తత్క్షణము, 60 తత్క్షణములు లవము, 30 లవములు ముహూర్తము. ఈ క్షణము సెకండులో 75వ పాలు. అమరుని నిమేషమునకు సమీపము. మఱియు నాతఁడే భాష్యమునఁ బుట్టిన వెంటనే నశించుటయే క్షణమనియు, నది గలది క్షణికమనియు, దండము గలవాఁడు దండికుఁడైనట్లనియుఁ జెప్పెను. ఇచ్చటఁ గాలపరిమాణము పోయి వస్తుస్వభావమే మిగిలినది.

11వ శతాబ్దివాఁడగు రత్నకీర్తి ‘క్షణభంగసిద్ధి’ వ్రాసినదియు నీ పక్షముననే. నాశమునకు వేఱు కారణ మక్కఱలేదని బౌద్ధులు, ముద్గరప్రహారము వలయునని నైయాయికులు వాదించిరి. పాణిని ప్రత్యయము బౌద్ధుల వాదమున కతికినట్లున్నది. అతనికి వారి సిద్ధాంతముతోఁ బని లేదు, అది వేఱు మాట.

కావున ‘క్షణములో విఱుగు స్వభావము గలది’ యని చెప్పి నీటిబుగ్గను జూపుట మేలు. కుండను జూపు నుపాధ్యాయుఁడు తెలియకయే నైయాయికుల పక్షమునఁ జేరుచున్నాఁడు.