'చూస్తాను' అన్న మాటకు ఆంగ్లమేది?

కొన్నేళ్ళ క్రితం మేము ఒక కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేస్తున్న రోజుల మాట. షిఫ్టు ముగిసే వేళకు ఒక వాల్వు తనిఖీ మిగిలిపోయింది. "రేపు వచ్చి చూస్తాను" అనే ఉద్దేశంతో మా మిత్రుడొకరు లాగ్‌బుక్కులో "ఐ చెక్ ద వాల్వ్" అని వ్రాసి ఇంటికి వెళ్ళారు. తరువాతి షిఫ్టు అధికారి తెలుగు ఎరుగనివారు. ఆ వాల్వును రోజూ చూస్తూనే ఉన్నారని ఆయన గ్రహించారు. పంపు నడిపే ముందు ఒక సహాయకుడు మరొక్కసారి చూడబట్టి ప్రమాదం తప్పింది.

ఈ పొరపాటుకు మూలం మన భాషా స్వభావంలోనే ఉంది. "రోజూ వెళ్తాను", "రేపు వెళ్తాను" అన్నప్పుడు మనకు క్రియ ఒక్కటే. తేడా తెలిపేవి 'రోజూ', 'రేపు' అనే మాటలు. ఆంగ్లంలో మొదటిది "ఐ గో", రెండవది "ఐ విల్ గో". 'విల్' లేనిదే వాగ్దానం అలవాటుగా మారిపోతుంది.

నియమం సులభమే. 'విల్' తరువాత క్రియ మూలరూపం రావాలి. "హి విల్ గోస్" అనరాదు, "హి విల్ టు గో" అనరాదు. కాదనడానికి 'విల్ నాట్', వాడుకలో 'వోంట్'.

మరి 'షల్' మాటేమిటి? ఉత్తమ పురుషకు 'షల్', తక్కినవాటికి 'విల్' అనే నియమాన్ని 1653లో జాన్ వాలిస్ తన వ్యాకరణంలో పొందుపరిచాడు. నేటి వాడుకలో అన్ని పురుషలకూ 'విల్' చెల్లుతుంది. అయితే టెండరు పత్రాలలో "ద కాంట్రాక్టర్ షల్ సప్లై" అని ఉంటే అది జోస్యం కాదు, బాధ్యత. దానిని తేలికగా చదవరాదు.

ఇక పిల్లలు తరచు తడబడే చోటు ఒకటుంది. "అతడు వచ్చినప్పుడు చెబుతాను" అనడానికి "వెన్ హి విల్ కమ్" అని వ్రాస్తారు. "వెన్ హి కమ్స్, ఐ విల్ టెల్ హిమ్" అన్నదే సరైనది. 'ఇఫ్' తరువాత కూడా సాధారణంగా ఇదే పద్ధతి. "వర్షం వస్తే" అనేటప్పుడు మనమూ భవిష్యత్తును 'వస్తే'లో చెప్పము కదా!

ఆ తరువాత మా మిత్రుడు "ఐ విల్ చెక్ ద వాల్వ్ టుమారో" అని వ్రాయడం అలవరచుకున్నారు. చిన్న మాటే, కానీ దాని వెనుక మరొకరి ప్రాణం ఉండవచ్చునని మేమందరమూ ఆనాడే నేర్చుకున్నాము.