బయటి గుర్రానికి దారి ఎక్కువ

పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం దగ్గరున్న కూడలి పేరు ప్లాస్ దు కరూసెల్. 1662లో పద్నాలుగో లూయీ తనకు కొడుకు పుట్టిన సంబరంలో అక్కడ గొప్ప గుర్రపు విన్యాసాలు జరిపించాడు. ఆ వేడుక పేరే చోటికి నిలిచిపోయింది. దౌడు తీస్తూ వేలాడే ఉంగరాన్ని ఈటెతో గుచ్చడం అలాంటి వేడుకల్లో ఒక పోటీ. దాని సాధనకు నడిమి స్తంభానికి దూలాలు బిగించి, కొయ్యగుర్రాలు కట్టి తిప్పేవారు. తర్వాత ఆ గుర్రాలు సంతల్లో పిల్లల పాలయ్యాయి.

అలా పుట్టిన గుర్రాల రంగులరాట్నం మనుషులో పశువులో తిప్పినంత కాలం పెద్దది కాలేకపోయింది. మన జాతరల్లో చేత్తో నెట్టే రంగులరాట్నం చిన్నదిగా ఉండేదీ అందుకే. ఆ హద్దును ఆవిరి చెరిపేసింది. ఇంగ్లండులోని కింగ్స్ లిన్‌లో వ్యవసాయ యంత్రాలు చేసే ఫ్రెడరిక్ సావేజ్ రాట్నం నడిమధ్యన ఆవిరి యంత్రాన్ని నిలబెట్టాడు. పాట వాయించే ఆర్గన్‌కు పక్కనే ఇంకో చిన్న యంత్రం. 1892లో, ఆయన బతికుండగానే, ఊరివాళ్లు విగ్రహం పెట్టారు. పెట్టాల్సిందే!

ఆ కాలపు రాట్నాల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది గుర్రాల దౌడు. పైకప్పు కింద, బండిచక్రం ఆకుల్లా, నడిమి నుంచి అంచు దాకా ఇనుప కడ్డీలుంటాయి. ఒక్కో కడ్డీ లోపలి కొసన పళ్లచక్రం. అది మధ్యలో కదలకుండా ఉన్న పెద్ద పళ్లచక్రం మీద దొర్లుతుంది. రాట్నం తిరిగేకొద్దీ కడ్డీ తన చుట్టూ తానూ తిరుగుతుంది. దాని వంకీలకు వేలాడే గుర్రాలు లేస్తాయి, దిగుతాయి. వంకీలు తలోవైపు ఉండటం వల్ల ఒకటి లేస్తే పక్కది దిగుతుంది. దౌడు కోసం వేరే ఇంజను అక్కర్లేదు. తిరుగుడులోంచే ఎగురుడును రాబట్టడం నిజమైన మేధ.

చుట్టు పూర్తయ్యే సమయం అన్ని గుర్రాలకూ ఒకటే. కానీ నడిమి నుంచి రెండు మీటర్ల దూరంలో ఉన్నదానికంటే నాలుగు మీటర్ల దూరంలో ఉన్నది రెండింతల వేగంతో పోవాలి. అందుకే పిల్లలు బయటి గుర్రం కోసం పోట్లాడతారు.

విమానాశ్రయంలో సామాను తిరిగే బెల్టుకు మాత్రం ఇదే చిక్కు. మలుపులో బయటి అంచుకు దారి ఎక్కువ, లోపలిదానికి తక్కువ. నలుచదరపు పలకలు పేరిస్తే బయట సందులు పడతాయి, లోపల ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అందుకని పలకలను నెలవంకల్లా కోశారు. ఒకదాని గుండ్రటి అంచు ముందుదాని ఒంపులో ఒదుగుతుంది. కింద గొలుసు లాగుతుంటే, మలుపులో పలకలు పక్కవాటి మీద జారుతూ సందు పడకుండా తిరుగుతాయి. పొడవాటి సంచి నాలుగు పలకల మీద పడుకుని ఉంటే, మలుపులో అవి దాని అడుగున సర్దుకోవడం కంటికే కనిపిస్తుంది.