మీకు తెలుసా? రాడ్ మీది అంకె పసిగట్టే శక్తిని చెప్పదు

గ్రాఫైట్ ఫిషింగ్ రాడ్ మీద ‘ఐఎం6’, ‘ఐఎం8’ అని చూడగానే, పెద్ద అంకె ఉన్నదే చేప కొరుకుడును బాగా పసిగడుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి అవి ఈ రాడ్లకు వాడే కార్బన్ నార తయారీదారు తన సరుకుకు పెట్టుకున్న పేర్లే. రాడ్ల కంపెనీలన్నీ కట్టుబడే కొలమానం కాదు. మరి నారకు విలువే లేదా అంటే, తప్పక ఉంది. బిగువైన నారతో తక్కువ సరుకు వాడి అంతే గట్టి రాడ్ చేయవచ్చు. బరువు తగ్గేకొద్దీ చిన్న అదురు కూడా చేతికి అందుతుంది. 1970లలో అమెరికాలో ఫెన్విక్ సంస్థ గ్రాఫైట్ రాడ్లు తెచ్చాక ఫైబర్‌గ్లాస్ వెనకబడటానికి ముఖ్య కారణం ఇదే. కానీ కొన దగ్గర బరువైన రింగులు, మందపాటి పూత ఉంటే ఆ లాభం చాలావరకు పోతుంది.

అందుకే దుకాణానికి మీ రీల్ తీసుకెళ్లి బిగించి, కొన కిందికి వాలుతోందేమో చూడండి. ఒకే పొడవు, ఒకే బలం ఉన్న రెండు రాడ్లు తీసుకుని, ఒక్కోదాని కొనను తోడువచ్చినవారి గొంతుకు మెల్లగా ఆనించి మాట్లాడించండి. ఏ పిడిలో అదురు స్పష్టంగా తెలుస్తుందో గమనించండి. దుకాణం చెరువు కాదు కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. నీటిలో కబురు మోసేది దారం. సాగే నైలాన్ దాన్ని సగంలోనే మింగేస్తుంది, అల్లిక దారం దాదాపు సాగదు. కాబట్టి ఈ పరీక్ష రెండు రాడ్లను పోల్చడానికే పనికొస్తుంది. రాళ్ల మధ్య వేటాడేవారు మాత్రం మధ్యరకం బిగువున్న నారనే ఎంచుకోవడం మేలు: మరీ బిగువైన, పలుచని రాడ్ రాయి లేదా సీసపు గుండు తగిలిన గాటు దగ్గరే తర్వాత విరగవచ్చు.