ఇల్లు కొనువేళ మధ్యవర్తి రుసుము

ఇల్లు కొనదలచినపుడు మనము ధరను గూర్చి గట్టిగా బేరమాడుదుము. మధ్యవర్తి కీయవలసిన కమీషను మాట మాత్రము చివరకు వాయిదా వేయుదుము. చిక్కంతయు అచ్చటనే గలదు. 2016వ సంవత్సరపు స్థిరాస్తి చట్టము, నమోదైన ప్రాజెక్టులలో అమ్మకములు కుదుర్చు ఏజెంట్లు తామును నమోదు కావలెనని విధించినది గాని, వారి రుసుమింతయని నిర్ణయింపలేదు. అది ఒప్పందమును బట్టియే యుండును. నూటికి రెండు రూపాయల చొప్పున 50 లక్షల యింటికి లక్ష రూపాయలగును. ఏజెంటు జీ.ఎస్.టి. క్రింద నమోదైనవాడైనచో 18 శాతము పన్ను, అనగా మరి 18,000 రూపాయలు చేరును. కావున ఇల్లు చూడబోవుటకు ముందే మూడు సంగతులడిగి వ్రాయించుకొనవలెను: రుసుమెంత? పన్ను అందులో చేరినదా? అమ్మువారి నుండియు పుచ్చుకొనుచున్నాడా? ఇరువురి యొద్దను సొమ్ము తీసికొనువాడు ఎవరి పక్షమున బేరమాడునో శ్రోతలే యోచింపగలరు. రిజిస్ట్రేషను ముగియకమునుపు రుసుమంతయు చెల్లింపకుండుట మేలని మా మనవి.