పాలు వస్తున్నాయి, బిడ్డ లేదు

గోదావరిఖనిలో బొగ్గుగని కార్మిక కుటుంబం కాన్పుకు సింగరేణి ఏరియా ఆసుపత్రికి వెళ్తుంది, కంపెనీ వైద్యం లేనివాళ్ళు సర్కారు దవాఖానకు వెళ్తారు. పుట్టిన బిడ్డకు ఆయాసం ఎక్కువైతే కరీంనగర్‌కో, హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రికో పంపాల్సి రావచ్చు. అప్పుడు తల్లి కుట్లతో ఇక్కడే మంచం మీద ఉంటుంది. బిడ్డ దక్కలేదన్న కబురు ముందు తండ్రికి చేరుతుంది, తల్లికి మాత్రం ఎప్పటికోగాని చెప్పరు.

2020 నమూనా నమోదు సర్వే (ఎస్ఆర్ఎస్) లెక్క ప్రకారం తెలంగాణలో సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 15 మంది 28 రోజుల్లోపే చనిపోయారు. నెలలు నిండకపోవడం, పుట్టుకలో ఊపిరందకపోవడం, ఇన్‌ఫెక్షన్లు ప్రధాన కారణాలు. వీటిలో చాలావరకు తల్లి చేతిలో లేనివే. అయినా 'నువ్వేం తిన్నావు, ఎక్కడ తిరిగావు' అన్న ఆరాలు ఆమెకే ఎదురవుతాయి. 'నీ తప్పు కాదమ్మా' అన్న మాట వార్డులోనే డాక్టరు నోటి నుంచి, అత్తగారు కూడా వింటుండగా వస్తే ఎంతో మేలు.

'చూస్తే మరిచిపోలేదు' అని పెద్దలు బిడ్డను తల్లికి చూపకుండానే మట్టిచేస్తారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఆమెను ఒక్కమాట అడగాలి కదా? వద్దంటే బలవంతం చేయొద్దు. గంట తర్వాత మనసు మార్చుకుంటే మళ్ళీ వీలివ్వాలి. బ్రిటన్ ఆసుపత్రుల్లో బిడ్డను తల్లిదండ్రుల దగ్గర కొన్నాళ్ళు ఉంచేందుకు చల్లబరిచే ఉయ్యాలలున్నాయి. మనకు అంత అక్కర్లేదు; తెర చాటున అరగంట చాలు. పక్క మంచాల మీద పసివాళ్ళు ఏడుస్తున్న వార్డు నుంచి ఆమెను మార్చడానికైతే పైసా ఖర్చు లేదు.

రెండు మూడు రోజులకు పాలు పడతాయి. దీని గురించి ముందుగా ఎవరూ చెప్పరు. పిండేకొద్దీ ఇంకా ఊరుతాయి కనుక, భరించలేనంత నొప్పి ఉంటేనే కాస్త తీయాలి. చల్లని గుడ్డ, సరిగ్గా సరిపోయే లోదుస్తులు ఉపశమనమిస్తాయి. మాత్రలు డాక్టరు చెబితేనే. జ్వరంతో రొమ్ము ఎర్రబడితే ఆసుపత్రికి రావాలి.

తండ్రిని ఎవరూ పలకరించరు. మట్టిచేసి వచ్చి, నిద్ర లేకుండానే నైట్ షిఫ్టుకు వెళ్తాడు. బొగ్గు బాయిలో ఏమరుపాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఆ నాలుగు రోజులు ఓవర్‌మన్‌కో, తోటి కార్మికుడికో సంగతి తెలిసి ఉండాలి.

కాగితాల సంగతి. ఒక్కరోజే బతికినా జననం, మరణం రెండూ నమోదు కావాలి. గడువు 21 రోజులు. ఆసుపత్రిలో జరిగితే ఆ వివరం పంపే బాధ్యత ఆసుపత్రిదే. పేరు పెట్టకపోయినా నమోదవుతుంది, పెట్టుకోవాలనుంటే రాయించుకోవచ్చు. తర్వాత ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ఇంటికొచ్చి, ఎప్పుడు నొప్పులొచ్చాయి, ఎంతసేపటికి బండి దొరికింది అని అడగవచ్చు. తప్పు పట్టడానికి వచ్చారని భయపడతారు చాలామంది. అది శిశు మరణ సమీక్ష: ఆలస్యం ఎక్కడ జరిగిందో తేల్చడానికి. బండి రాలేదనో, డాక్టరు లేడనో ఉంటే అక్కడ దాచకుండా చెప్పాలి. నెలలు గడిచినా తల్లి తేరుకోకపోతే 14416కు ఫోన్ చేయొచ్చు. అది టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.