లైకుల లెక్క వేరు.. గల్లాపెట్టె లెక్క వేరు

ఆత్రేయపురం: బోర్లించిన కుండపై పలుచని బియ్యప్పిండి నీటిలో తడిపిన గుడ్డను పరచి, రెప్పపాటులో రేకు తీయడం ఆత్రేయపురం మహిళలకు వెన్నతో పెట్టిన విద్య. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఇక్కడి పూతరేకులకు ఇప్పుడు ఫోన్లలోనూ ప్రకటనలు వెలువడుతున్నాయి. అయితే ప్రకటనకు పెట్టిన రూపాయి తిరిగి వచ్చిందా, లేదా అన్న విచారణ మాత్రం చిన్న వ్యాపారుల్లో తక్కువే. తెరపై వేలల్లో కనిపించే అంకెలను చూసి తృప్తి పడి, మరుసటి పండుగకు మళ్లీ అంతే సొమ్ము చెల్లించేవారు ఉన్నారు. ఇంటిల్లిపాదీ పొయ్యి దగ్గర కష్టపడి మిగుల్చుకున్న సొమ్ము అది.

ఏ అంకె ఏం చెబుతుంది?: ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల నివేదికలో ముందుగా కనిపించేవి రెండు. ‘రీచ్’ అంటే ప్రకటన చేరిన మనుషుల సంఖ్య. ‘ఇంప్రెషన్స్’ అంటే అది తెరపైకి వచ్చిన పర్యాయాల సంఖ్య. ఒకే వ్యక్తికి నాలుగుసార్లు కనిపిస్తే రీచ్ ఒకటి, ఇంప్రెషన్లు నాలుగు. ప్రకటనను నొక్కినవారు, వాట్సాప్‌లో మాట కలిపినవారు తర్వాతి వరుసల్లో ఉంటారు. వీరెవరూ ఇంకా కొనుగోలుదారులు కారు. బజారులో దుకాణం ముందు నుంచి వెళ్లినవారు, ఆగి చూసినవారు, ధర అడిగినవారు, సంచి పట్టుకుని వెళ్లినవారు వేర్వేరు కదా. ఇక్కడా అంతే.

ఉదాహరణకు దసరా ముందు ఒక వ్యాపారి రూ.3,000 పెట్టి ప్రకటన ఇచ్చారనుకుందాం. 18 శాతం జీఎస్టీతో కలిపి ఖర్చు రూ.3,540 అవుతుంది. ఈ పన్నును చాలామంది లెక్కలోకే తీసుకోరు. ప్రకటన 40,000 మందికి చేరింది. 900 మంది నొక్కారు. 60 మంది ధర అడిగారు. చివరికి సొమ్ము చెల్లించి పెట్టె తెప్పించుకున్నది 15 మంది. అంటే ఒక్కో ఆర్డరుకు ప్రకటన ఖర్చే రూ.236. నెయ్యి, బెల్లం, కూలి, కొరియర్ పోను పెట్టెపై మిగిలేది రూ.150 అయితే ప్రతి పెట్టెకూ రూ.86 చేతి నుంచి పడినట్లే. నలభై వేల మంది చూశారన్న సంబరం ఈ నష్టాన్ని పూడ్చదు.

కథ అక్కడితో ముగియదు. ఆ 15 మందిలో తొమ్మిది మంది సంక్రాంతికి ప్రకటన అవసరం లేకుండానే మళ్లీ తెప్పించుకుంటే ఆర్డర్లు 24 అవుతాయి. మిగులు రూ.3,600. ఖర్చు పోను రూ.60 లాభం. అందుకే రెండోసారి వచ్చినవారి లెక్క లేకుండా ప్రకటన దండగ అని తీర్పు చెప్పడమూ తొందరపాటే. అదేవిధంగా ధర అడిగి వెనుదిరిగిన 45 మంది గురించి ఆలోచించాలి. అక్కడ లోపం ప్రకటనలో కాదు, ధరలోనో, కొరియర్ ఛార్జీలోనో, సాయంత్రం అడిగితే మర్నాడు జవాబిచ్చే అలవాటులోనో ఉంటుంది.

ఎక్కడ చూసి వచ్చారు?: సొంత వెబ్‌సైటు ఉన్నవారు లింకు చివర ‘యూటీఎం’ అనే గుర్తు తగిలిస్తే, వచ్చినవారు ఏ ప్రకటన నుంచి వచ్చారో గూగుల్ అనలిటిక్స్ చూపుతుంది. గూగుల్ 2005లో కొనుగోలు చేసిన అర్చిన్ అనే సంస్థ పేరులోని మొదటి అక్షరమే ఈ ‘యూ’. వెబ్‌సైటు లేనివారికి అంతకన్నా సులువైన దారి ఉంది. ఒక్కో ప్రకటనలో ఒక్కో మాట పెట్టి, ఆర్డరు సమయంలో ఆ మాట చెబితే పది రూపాయల తగ్గింపు ఇస్తే చాలు. దుకాణం వివరాలను గూగుల్ మ్యాప్స్‌లో నమోదు చేసుకుంటే ఎందరు దారి అడిగారో, ఎందరు ఫోన్ మీట నొక్కారో ఉచితంగానే తెలుస్తుంది.

ప్రకటన అమ్మేవారి అంకెలనే పూర్తిగా నమ్ముకోరాదు. వీడియోలను జనం సగటున ఎంతసేపు చూస్తున్నారన్న లెక్కను సుమారు రెండేళ్లపాటు ఎక్కువ చేసి చూపినట్లు 2016లో ఫేస్‌బుక్ స్వయంగా అంగీకరించింది. గూగుల్ అనలిటిక్స్ పాత విధానం 2023 జులైలో కొత్త లెక్కలు తీసుకోవడం ఆపివేసింది. ఏడాది తర్వాత అందులోని పాత వివరాలూ చూసే వీలు లేకుండా పోయింది. వాటిని ముందే దించుకోని వ్యాపారులకు ఆ ఏళ్ల చరిత్ర దక్కలేదు.

కావున సొంత పద్దు పుస్తకం తప్పనిసరి. తేదీ, ఫోన్ నంబరు, ఎక్కడ చూసి వచ్చారు, ఎంత కొన్నారు, ఎన్నోసారి అన్న ఐదు గళ్లు గీసుకుంటే సరిపోతుంది. ప్రకటన లేని వారాల్లో వచ్చిన ఆర్డర్లనూ అందులోనే రాయాలి. పండుగ రోజుల్లో ఎలాగూ వచ్చే కొనుగోళ్లను కూడా ప్రకటన ఖాతాలో వేసుకోకుండా ఉండేందుకు ఆ వరుసలే ఆధారం.