మారుపేరునకును మర్యాద గలదు
(పాత్రధారణ క్రీడలలో నామకరణ నియమములు)

ఇంటర్నెట్టు ద్వారా వేలాది జనులు ఒకేసారి ఒక కల్పిత లోకమున ప్రవేశించి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి ఆడు ఆటలను పాత్రధారణ క్రీడలందురు. ఒకడు యోధుడగును, ఒకతె మాంత్రికురాలగును, మరియొకడు గాయపడినవారికి చికిత్స చేయు వైద్యుడగును. ఆ లోకమున అడుగిడుటకు ముందే ప్రతివారును తమ పాత్రకు ఒక పేరు పెట్టుకొనవలెను. ఆ పేరు ఇచ్ఛ వచ్చినట్లు పెట్టుకొనుటకు వీలులేదు. దానికి నియమములు గలవు. అవి ఏల పుట్టినవి, ఎవరికి మేలు చేయుచున్నవి, ఎచ్చట అన్యాయమునకు దారితీయుచున్నవి అను సంగతులను మా విద్యార్థులకు వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆటలోని పేరునకు ఇంత విచారణ యెందులకని కొందరు పెద్దలు ప్రశ్నింపవచ్చును. కాని పాత్రల పేర్లను గూర్చిన నియమములు మనకు క్రొత్తవి కావు. భరతుని నాట్యశాస్త్రమున ఏ తరగతి పాత్రకు ఎట్టి పేరుండవలెనో చెప్పబడియున్నది. పరిచారికలకు పూవుల పేర్లును, గణికలకు ‘సేన’ మొదలగు పదములతో ముగియు పేర్లును తగునని ఆ శాస్త్రము విధించినది. శూద్రకుని మృచ్ఛకటికమున వసంతసేన యను పేరు విన్నంతనే ఆమె యెవరో ప్రేక్షకునకు తెలియుట ఈ మర్యాద వలననే. ఉర్దూ కవులకు తఖల్లుస్ ఎంత ముఖ్యమో మన కళాశాలలో చెప్పనక్కరలేదు.

ఈ క్రీడల చరిత్ర 1978లో ప్రారంభమైనది. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను ఇరువురు విద్యార్థులు ‘మడ్’ అను ఆటను నిర్మించిరి. అందు చిత్రములు లేవు, అంతయు అక్షరములే. పాత్ర ముఖము కనబడదు గనుక పేరే దాని ముఖమైనది. 1997లో ‘అల్టిమా ఆన్‌లైన్’, 1999లో ‘ఎవర్‌క్వెస్ట్’, 2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ వెలువడిన పిమ్మట ఆటగాండ్ర సంఖ్య లక్షలకు చేరినది. పదిమంది యున్న ఇంట నియమము వ్రాసి పెట్టుకొననక్కరలేదు. లక్షలమంది యున్న ఊరికి వ్రాతపూర్వక నియమము తప్పదు.

మొదటి నియమము, ఒకచోట ఒక పేరు ఒకరికే చెల్లుననుట. ఆటలో ఒకరికొకరు ఉత్తరములు, వస్తువులు, ధనము పంపుకొందురు. పంపువానికి గుర్తు పేరే. ఒకే పేరు ఇరువురికున్నచో ఒకరి సొత్తు మరియొకరికి చేరును, మంచివాని పేరు చెప్పుకొని మోసగాడు బ్రదుకును. ఆట నిర్వాహకులను పోలిన పేర్లను సాధారణముగా నిషేధించుట కూడ ఇందువలననే. మీర్జా అసదుల్లా ఖాన్ తొలుత ‘అసద్’ అను తఖల్లుస్‌తో వ్రాసి, తరువాత ‘గాలిబ్’ అను పేరును స్వీకరించెను. మరియొక అసద్ వ్రాసిన నాసిరకపు షేర్లు తనవిగా చెలామణి యగుటయే కారణమని చెప్పుదురు. ముషాయిరాలో కలిగిన చిక్కే నేడు కంప్యూటరులోను కలుగుచున్నది.

రెండవది పరిమాణమునకును, లిపికిని సంబంధించిన నియమము. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో పాత్రనామము 2 మొదలు 12 అక్షరముల లోపల ఒకే పదమై యుండవలెను. నడుమ ఖాళీ గాని అంకెలు గాని పనికిరావు. ‘ఫైనల్ ఫాంటసీ 14’ పేరును, ఇంటిపేరును కూడ అడుగును. ఒక్కొక్కటి 15 అక్షరములకు, రెండును కలిసి 20 అక్షరములకు మించరాదు. అందు రోమను లిపినే వాడవలెను. తయారు చేసినవారు జపానువారైనను, జపాను ఆటగాండ్రు సైతము ఆ లిపిలోనే పేరు వ్రాయవలసియున్నది. ఈ నియమము మనకెట్లు తగులునో చూతము. ‘వెంకటేశ్వర్లు’ తెలుగులో ఐదక్షరముల పేరు. రోమను లిపిలో 13 అక్షరములగును, కావున 12 అక్షరముల గడి యందు పట్టదు. ‘ముహమ్మద్ ఇస్మాయిల్’ అన్నచో నడుమ ఖాళీ యుండుట వలన ఒకే పదమను నియమము క్రింద చెల్లదు. ఇందు ద్వేషమేమియు లేదు. గడిని కొలిచినవారు తమ పేర్లను కొలతగా తీసికొనిరి, అంతియే.

మూడవది మర్యాదా నియమము. బూతులు, జాతిని గాని మతమును గాని కించపరచు పదములు, ఇతరులను వేధించుటకై కల్పించిన పేర్లు నిషిద్ధములు. అట్టి పేరుపై ఎవరైన ఫిర్యాదు చేసినచో నిర్వాహకులు విచారించి, క్రొత్త పేరు పెట్టుకొనునంతవరకు ఆ పాత్రను ఆటలోనికి రానీయరు. ఒకరినొకరు ఎగతాళి పేర్లతో పిలుచుకొనరాదని పవిత్ర ఖుర్ఆనులోని హుజురాత్ సూరా బోధించుచున్నది. ముఖము కనబడనిచోట ఆ బోధ మరింత అవసరమని మా విశ్వాసము.

నాల్గవది ఔచిత్యము. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో పాత్రధారణకే ప్రత్యేకించిన సర్వర్లకు తొలి సంవత్సరములలో మరికొంత కఠినమైన నియమములుండెడివి. కథాలోకమునకు పొసగని పేర్లను, వాక్యములను కలిపి కుట్టిన పేర్లను అచ్చట అంగీకరింపలేదు. రాజసభా రంగమున మంత్రి పాత్ర పేరు ‘సెల్‌ఫోను’ అయినచో నాటకము నవ్వులపాలగును. భరతుని ఉద్దేశమును ఇదియే.

ఇంతవరకు చెప్పిన నియమములు న్యాయములే. చిక్కు వానిని అమలుపరచు విధమున నున్నది. లక్షల పేర్లను మనుష్యులు చదువజాలరు. కావున నిషిద్ధ పదముల పట్టికను యంత్రమునకిచ్చి వెదకించుదురు. పేరులో ఖాళీలుండవు గనుక పదము ఎచ్చట మొదలైనదో, ఎచ్చట ముగిసినదో యంత్రమునకు తెలియదు. పేరు గర్భమున ఆ అక్షరములు వరుసగా కనబడినంతనే త్రోసిపుచ్చును. ఇట్టి పొరపాటు ఆటలకే పరిమితము కాదు. 1996లో ఇంగ్లండులోని స్కంథార్ప్ పట్టణవాసులు అమెరికా ఆన్‌లైన్ సంస్థలో ఖాతా తెరువలేకపోయిరి. వారి యూరి పేరు నడుమ నాలుగక్షరముల అసభ్య పదమొకటి దాగియుండుటయే వారి నేరము. నేటికిని ఈ జాతి పొరపాట్లను ఆ యూరి పేరుతోనే పిలుచుచున్నారు.

2006లో జరిగిన సంఘటన మనకు మరింత దగ్గరిది. కాలహాన్ అను ఐర్లండు దేశపు ఇంటిపేరు గలవారికి యాహూ సంస్థలో ఆ పేరుతో ఈమెయిలు చిరునామా లభింపలేదు. రోమను లిపిలో ఆ పేరు నడుమ ‘అల్లాహ్’ అను పదపు అక్షరములున్నవి. దైవనామ దుర్వినియోగమును ఆపుటకు పెట్టిన కంచె, దానితో సంబంధమే లేని ఇంటిపేరును ఆపినది. విషయము బయటపడిన పిమ్మట సంస్థ ఆ నిషేధమును తొలగించినది. ఇట్టి కంచెయే ముస్లిము పేర్లకు అడ్డువచ్చినచో ఏమగునో విచారింపుడు. ఒకే అరబ్బీ పేరును కొందరు రోమను లిపిలో ‘అబ్దుల్లాహ్’ అనియు, కొందరు ‘అబ్దల్లాహ్’ అనియు వ్రాయుదురు. మొదటిది ఆ కంచె దాటును, రెండవది దాటదు. ఒకే పేరు గల ఇరువురిలో ఒకడు నిర్దోషి, మరియొకడు దోషి! భేదమంతయు ఒక్క అచ్చులో నున్నది.

ఇందుకు నియమములనే ఎత్తివేయుట పరిష్కారము కాదు. అట్లు చేసినచో బలహీనులే ముందుగా బాధపడుదురు. యంత్రము అనుమానింపవచ్చును గాని తుది తీర్పు మనుష్యుడు చెప్పవలెను. త్రోసివేయబడినవానికి కారణము తెలుపవలెను, మొర పెట్టుకొను దారి చూపవలెను. మన విద్యార్థులలో రేపు ప్రోగ్రాములు వ్రాయబోవువారు అనేకులు గలరు. వారు పేర్ల గడిని కొలుచునపుడు వెంకటేశ్వర్లును, అబ్దల్లాహ్‌ను జ్ఞాపకముంచుకొందురు గాక. కళాశాల కార్యవర్గము వారు కంప్యూటరు పాఠములతోపాటు ఇట్టి విషయములపై చర్చాగోష్ఠి నేర్పరచినచో మిక్కిలి ప్రయోజనకరము.

ఆడువారికి మా సూచన యొక్కటి గలదు. పాత్రకు మీ నిజనామమును గాని, జన్మ సంవత్సరమును గాని, ఊరి పేరును గాని పెట్టకుడు. 2010 జులైలో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ నిర్వాహకులైన బ్లిజార్డ్ సంస్థ వారు తమ చర్చావేదికపై ఆటగాండ్ర నిజనామములను ప్రకటింపనెంచి, ఆటగాండ్ర నిరసన వలన కొద్ది దినములలోనే ఆ యోచనను విరమించుకొనిరి. మారుపేరు, ముఖ్యముగా విద్యార్థినులకు, ఒక రక్షణ. అయితే ఆ తెర చాటున నిలిచి ఇతరులను నొప్పించు హక్కు ఎవరికిని లేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరునకు మచ్చ రాకుండ ఎట్లు మెలగుదుమో, మనము పెట్టుకొన్న పేరుతోను అట్లే మెలగుట యుక్తము.